తిరువూరులో ముప్ఫై ఎనిమిది గౌరులు

మా నరసాపురం వాళ్లు పెళ్లిళ్లకు వెళ్తారు, చర్చి కన్వెన్షన్ కూటాలకు వెళ్తారు, ఆసుపత్రి పని మీద భీమవరం వెళ్తారు. తిరువూరు చూసి రావడానికని బయలుదేరినవాణ్ణి మాత్రం మా వీధి మొత్తానికి నేనొక్కణ్ణే. దానికి కారకులు మా హెడ్మాస్టరు గారు. కృష్ణా జిల్లా మెరక ప్రాంతంలోని తిరువూరులో ఒక హైస్కూలు పిల్లలు స్కాట్లండ్‌లోని ఒక బడి పిల్లలతో కంప్యూటరు మీద ఉత్తరాలు రాసుకుంటున్నారనీ, ఆ సరదాతో బడి ఎగ్గొట్టే పిల్లలు కూడా ఉదయం ఎనిమిదింటికే గేటు దగ్గర నిలబడుతున్నారనీ ఆయన ఎక్కడో విన్నారు.

"దేవదానం గారూ, మీరు నాలుగు రోజులుండి చూసి రండి. బాగుంటే మనమూ పెడదాం" అన్నారు.

నేను సోషల్ మాస్టారిని. ఆదివారం బడికి కూడా ముప్ఫై ఏళ్లుగా పెద్దని. కంప్యూటరును బ్యాంకులో అద్దం వెనక తప్ప దగ్గరగా చూసి ఎరగను. అయినా పిలుపు ఎటునుంచి వస్తుందో మనం నిర్ణయించలేం కదా, సరేనన్నాను.

బయలుదేరే ముందు ఆదివారం సంఘంలో నాకోసం ప్రార్థన చేశారు. పాస్టరు గారు "సముద్రాలు దాటి వెళ్తున్న మా సహోదరుణ్ణి" అన్నప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఆయనకు నేను వివరంగా చెప్పిన సంగతిలో స్కాట్లండ్ ఒక్కటే గుర్తుంది. ఆమెన్ అన్నాక దిద్దితే బాగుండదని ఊరుకున్నాను. స్త్రీల సమాజం వాళ్లు చలికి తట్టుకోవడానికి ఎర్ర ఉన్ని మఫ్లరు కూడా ఇచ్చారు. ప్రేమతో ఇచ్చింది వద్దనలేక మెడకు చుట్టుకుని రైలెక్కాను. చెమటతో బెజవాడలో దిగాను.

మైలవరం దాటాక

బెజవాడ నుంచి తిరువూరు బస్సులో మైలవరం దాటేసరికి నేల పైకి లేవడం మొదలవుతుంది. కాలవల్లేవు, వంతెనల్లేవు, కొబ్బరి చెట్లు కూడా పలచబడ్డాయి. ఎటు చూసినా మామిడి తోటలు. ఫిబ్రవరి కావడంతో చెట్లన్నీ పూత మీద ఉన్నాయి. ఆ వాసన బస్సు లోపలిదాకా వచ్చి కూర్చుంది. మా డెల్టాలో గాలికి ఎప్పుడూ బురద వాసనో చేపల వాసనో ఉంటుంది. ఇక్కడ గాలి పొడిగా, తలంటుకుని వచ్చినట్టు ఉంది.

నా పక్కన ఒక పెద్దాయన పురుగుమందు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. రెడ్డిగూడెం దగ్గర తోటట.

"ఏ ఊరండి తమది?"

"నరసాపురమండి, ఆయ్."

"చెప్పక్కర్లా, ఆ 'ఆయ్' చాలు. గోదారి నీళ్లు తాగి తాగి మీకు మాట కూడా మెత్తబడిపోద్ది." నా మఫ్లరు వైపు చూశాడు. "జొరమా?"

లేదన్నాను. తోట ఎలా ఉందని అడిగాను.

"పూత నిలిస్తే దేవుడున్నట్టే."

"నిలవకపోయినా ఉంటాడండి" అన్నాను. ముప్ఫై ఏళ్ల అలవాటు, నోరు ఆగదు.

"తోట లేనోళ్లు అట్టానే అంటార్లెండి" అన్నాడు ఆయన, కోపం లేకుండా. ఆ ఒక్క మాటకు సరైన జవాబు కోసం తిరువూరు దాకా వెతికాను. బస్టాండు వచ్చేసింది గాని జవాబు రాలేదు.

తిరువూరు బస్టాండు పక్కన

లాడ్జి గది రోజుకు నూట ఇరవై. దోమతెర ఉచితం, దాని చిల్లులతో సహా. పక్కన హోటల్లో ఇడ్లీ ప్లేటు ఎనిమిది రూపాయలు. మా ఊళ్లో కంటే ఒక రూపాయి తక్కువే గాని, పల్లీ చట్నీ నోట్లో పెట్టుకోగానే ఆ రూపాయి ఎందుకు తగ్గించారో తెలిసింది. రెండు గ్లాసుల నీళ్లు తాగాను. హోటలాయన గల్లాపెట్టె దగ్గర్నుంచే కేకేశాడు.

"గోదారోళ్లా సార్? చట్నీలోకి బెల్లం ముక్క తెప్పించమంటారా?"

హోటలంతా నవ్వింది. మేం పప్పుచారులో బెల్లం వేస్తామన్న వార్త ఇంత దూరం ఎలా వచ్చిందో!

ముసుగులు వేసుకున్న కంప్యూటర్లు

బుధవారం ఉదయం బడికి వెళ్లాను. ఈ ఉత్తరాల వ్యవహారమంతా నడిపేది లెక్కల టీచరు కామేశ్వరి గారు. నలభై ఏళ్లుంటాయి. పూజారుల కుటుంబం. సుద్దముక్క చేతిలో ఉంటే ఒకలా, లేకపోతే ఇంకోలా కనిపించే మనిషి. చేతిలో ఉన్నప్పుడు జిల్లా కలెక్టరైనా నిలబడవలసిందే.

కంప్యూటరు గదిలోకి చెప్పులు విప్పి వెళ్లాలి. లోపల ఐదు కంప్యూటర్లు. ఒక్కోదానికి పాత చీరతో కుట్టిన ముసుగు. ముసుగు తీస్తే ప్రతిదాని నుదుటా పసుపు, కుంకుమ.

"దసరాకి పెట్టిన బొట్లండి. చెరపబుద్ధి కాలేదు" అన్నారావిడ.

మా బడికి కంప్యూటరు వస్తే మేం బొట్టు పెట్టం. చేతులుంచి ముప్పావుగంట ప్రార్థన చేస్తాం. ఏం చేసినా అది ఫోను తీగ వేగానికి మించి నడవదని తిరువూరులో తెలుసుకున్నాను. ఒక ఫోటో స్కాట్లండ్ వెళ్లేలోగా పిల్లలు పంతొమ్మిదో ఎక్కం రెండుసార్లు అప్పజెప్పేస్తున్నారు. కామేశ్వరి గారు కావాలనే అలా అప్పజెప్పిస్తున్నారట. "ఊరికే తెర చూస్తా కూర్చుంటే ఏమొస్తుందండి? ఎక్కమన్నా వస్తుంది."

విన్నది అబద్ధం కాదు. ఎనిమిదో తరగతిలో ముప్ఫై ఎనిమిది మంది. ఎనిమిదిన్నరకల్లా అందరూ వచ్చేశారు. ఆ రోజు మెయిలు పెట్టె తెరిచి ఉత్తరాలు చూసే వంతు ఎవరిదా అని తగువు. వాళ్లలో నాగమణి అనే పిల్ల ఉంది. తల్లి సామ్రాజ్యం పత్తి తీతకు వెళ్తుంది. నిరుడు పత్తి రోజుల్లో నాగమణి వారానికి రెండు రోజులే బడికి వచ్చిందట. ఈ ఏడు ఒక్క రోజు మానలేదు.

"ఎందుకమ్మా?" అని అడిగాను.

"నేను లేనప్పుడు వాళ్లు రాస్తే ఎట్టా సార్?" అంది, ఇంత తెలియదా అన్నట్టు.

పిల్లలు బయటికి వెళ్లాక కామేశ్వరి గారు తలుపు దగ్గరగా వేసి, సోమవారం వచ్చిన ఉత్తరం చూపించారు. అవతలి బడి టీచరు పేరు ఫియోనా. ఆవిడ రాసిన సంగతి ఇది.

కిందటి నెల ఇక్కడి పిల్లలు 'మా ఇల్లు' అనే విషయం మీద తలా ఒక ఉత్తరం పంపారు. ముప్ఫై ఎనిమిది ఉత్తరాల్లోనూ ఒక గేదె ఉంది. ముప్ఫై ఎనిమిది గేదెల పేరూ గౌరి. ప్రతి గౌరీ రోజుకు ఆరు లీటర్ల పాలిస్తుంది. ప్రతి గౌరి పక్కనా ఒక తాతయ్య నులక మంచం వేసుకుని పడుకుంటాడు. 'మా పిల్లలు లెక్క కట్టారు. రోజుకు రెండు వందల ఇరవై ఎనిమిది లీటర్లు. తర్వాత ఒకరు అడిగారు, ఇవి నిజంగా వాళ్లు రాసినవేనా అని. నాకు జవాబు తెలియలేదు. ఈమధ్య మీ పిల్లలకు రాయడానికి మా వాళ్లు ఇష్టపడటం లేదు. శుక్రవారం వెబ్‌క్యామ్‌లో కలిసినప్పుడు మా హెడ్మాస్టరు కూడా కూర్చుంటారు. వచ్చే ఏడు ఈ స్నేహం ఉండాలా వద్దా అన్నది ఆ రోజు తేలుస్తారు.'

"ఏం జరిగిందమ్మా?" అన్నాను.

"జరిగేదేముందండి? శ్రీలత అని మా క్లాసు ఫస్టు. ఆ పిల్ల ఉత్తరం బాగా రాసింది. బోర్డు మీద వేశాను. అందరూ ఎక్కించుకున్నారు. విదేశాలకు వెళ్లే ఉత్తరం, తప్పులుంటే ఊరి పరువేం కాను?"

నాకు ఇందులో తప్పేమీ కనిపించలేదు. నేనైనా అదే చేసేవాణ్ణి. బోర్డు ఉన్నది ఎందుకు మరి?

"వాళ్లు ఆపేస్తే నాకేం పోదు, లెక్కలు చెప్పుకుంటాను" అన్నారావిడ. "నాగమణి మళ్లీ పత్తిచేలోకి పోతుంది. అంతే."

శర్మ గారింట్లో భోజనం

ఆ మధ్యాహ్నం నన్ను ఇంటికి భోజనానికి పిలిచారు. ఆవిడ భర్త శర్మ గారు మండలాఫీసులో గుమాస్తా. ముద్దపప్పు, దోసావకాయ, గుమ్మడికాయ పులుసు. చేప లేని భోజనం మా ఇంట్లో అయితే లంకణంతో సమానం. ఇక్కడ రెండోసారి అడిగి వేయించుకున్నాను.

తినబోయే ముందు శర్మ గారు విస్తరి చుట్టూ నీళ్లు తిప్పి, కళ్లు మూసి, అర నిమిషంలో ముగించారు. నేనూ కళ్లు మూసుకున్నాను. మా ఇంట్లోవాళ్ల కోసం, ఈ ఇంటివాళ్ల కోసం, ప్రయాణం కోసం, పిల్లల కోసం చెప్పుకుని కళ్లు తెరిచేసరికి ఆయన చెయ్యి విస్తట్లో ఆగి ఉంది. నెయ్యి పేరుకుంది. అతిథి మొదలుపెట్టకుండా ఆయన ముద్ద ఎత్తరట.

"మీ దేవుడికి తీరిక ఎక్కువనుకుంటానండి" అన్నారు నవ్వుతూ.

"మాది చెప్పడం ఎక్కువండి" అన్నాను.

పెరుగు దగ్గర కామేశ్వరి గారు అసలు విషయానికి వచ్చారు. "మాస్టారూ, శుక్రవారం మీరు కూడా కెమెరా ముందు కూర్చోవాలి. బయటి ఊరివారు, పెద్దవారు, పైగా చర్చి మనిషి. గౌరుల్ని కళ్లారా చూశానని మీరొక్క మాటంటే వాళ్లు నమ్ముతారు."

"చూడందే ఎలా అంటానమ్మా?"

"రేపు చూపిస్తాగా! కెమెరా తీసుకుని పిల్లల ఇళ్లకు వెళ్దాం. పల్లెటూళ్లు, బర్రె లేని ఇల్లుంటుందా?"

"బర్రెలుంటాయి" అన్నారు శర్మ గారు. "అన్నీ గౌరులేనా అని వాళ్లడుగుతున్నారు."

"మీరు మజ్జిగ పోసుకోండి" అన్నారావిడ.

గంపలగూడెం దారిలో

గురువారం బడి వదిలాక పిల్లలతో పాటు గంపలగూడెం వైపు షేరాటో ఎక్కాం. మనిషికి ఐదు రూపాయలు. ఎనిమిది మంది పట్టే ఆటోలో పద్నాలుగు మందిమి. డ్రైవరు సగం సీటు మీద, సగం గాలిలో కూర్చుని నడిపాడు. మా సంఘంలో కొందరు ముందు బెంచీ ఖాళీగా ఉన్నా వెనకే నిలబడతారు. వాళ్లను ఈ ఆటోలో ఒకసారి ఎక్కించాలి.

మొదట శ్రీలత ఇల్లు. అసలైన గౌరి అక్కడ ఉంది. నల్లగా, నున్నగా, పెళ్లికూతురిలా ఉంది. పక్కన మంచం మీద అసలైన తాతయ్య. కామేశ్వరి గారు డిజిటల్ కెమెరా ఎత్తిన ప్రతిసారీ గౌరి వెనక్కి తిరిగేది. ముఖం ఇటు తిప్పుదామని నేను దగ్గరికి వెళ్లాను. ఫోటో అయితే వచ్చింది. అందులో గౌరి నోట్లో నా మఫ్లరు అంచు ఉంది. స్త్రీల సమాజం వారికి ఏమని లెక్క చెప్పాలో ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

రెండో ఇంట్లో గేదె లేదు. మేక ఉంది.

"దీని పేరేంటమ్మా?" అన్నాను.

"గౌరండి" అంది ఆ ఇంటి పిల్ల, చేతులు కట్టుకుని.

"ఎప్పట్నుంచి?"

"మొన్న మంగళవారం నుంచండి."

కామేశ్వరి గారు కెమెరా దించారు.

మూడో ఇంట్లో కుక్క. "గౌరీ, గౌరీ" అని ఇంటిల్లిపాదీ పిలిచినా అది చెవి కదపలేదు. ఆ ఇంటి ముసలమ్మ విసుగెత్తి "ఒరే టైగరూ" అనగానే తోక ఊపుకుంటూ వచ్చింది. నాలుగో ఇంట్లో దూడ, ఐదో ఇంట్లో పిల్లి. పొద్దు వాలేలోగా పదకొండు ఇళ్లు తిరిగాం. పదకొండు గౌరులనూ చూశాం. వాటిలో గేదెలు మూడు.

మా వెంటే తిరుగుతున్న శ్రీలతే సంగతి చెప్పింది. సోమవారం మెయిలు పెట్టె తెరిచే వంతు తనదేనట. టీచరు ఆ ఉత్తరం చదివి, ముఖం చిన్నబుచ్చుకుని, లెక్కలు మొదలుపెట్టిందట. సాయంత్రం పిల్లలంతా గేటు దగ్గర కూడి ఒక మాట అనుకున్నారు.

"టీచర్ అబద్ధం చెప్పినట్టవుద్ది కదండీ. అందుకని అందరం పేర్లు పెట్టేశాం. ఇప్పుడు అబద్ధం కాదుగా సార్?"

ముప్ఫై ఏళ్లుగా బైబిలు వాక్యం చెబుతున్నాను. ఇలాంటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. "చీకటి పడుతోంది, పదండి" అన్నాను.

పదకొండిటిలో చివరిది నాగమణి వాళ్లది. ఒంటి గది ఇల్లు, వాకిట్లో ఒకే ఒక ఎర్రకోడి. సామ్రాజ్యం అప్పుడే పత్తిచేలోంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. మమ్మల్ని చూడగానే అందుకుంది.

"టీచరమ్మా, మీరే న్యాయం చెప్పండి! ఆదివారం మా తమ్ముడొస్తన్నాడు. వాడికని మేపిన కోడి. ఇదిపోయి అమ్మోరి పేరు పెట్టింది. ఇప్పుడు కత్తి ఎట్టా పెట్టమంటారు?"

"కోడికి గౌరి ఏంటే, నాగమణీ?" అన్నారు కామేశ్వరి గారు. పూజారి ఇంటి ఆడపడుచు కదా, గొంతులో కొంచెం నొప్పి ఉంది.

"మాకు అదే ఉంది టీచర్" అంది ఆ పిల్ల.

తిరుగు ఆటోలో ఆవిడ కళ్లు తుడుచుకుని, "ఎవరూ చెప్పకుండా చేశారండి. బోర్డు మీద వేయకుండా వీళ్లు చేసిన మొదటి పని ఇదే" అన్నారు.

శుక్రవారం, మూడు గంటలు

శుక్రవారం పొద్దున్న లాడ్జి గదిలో మోకరించాను. పదకొండు గౌరులను చూశానని చెబితే అది పచ్చి నిజం. చిక్కంతా అందులోనే ఉంది. నిజాన్ని అబద్ధానికి తొడుగుగా వేయడం మహాపాపమని ఎన్ని ఆదివారాలు చెప్పానో! మరోవైపు నాగమణి. ఇంకా నా సంగతి కూడా గుర్తొచ్చింది. మా ఆదివారం బడిలో ఏటా పిల్లలు నిలబడి, దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతారు. అందరూ జ్వరం వచ్చి తగ్గినవాళ్లే. ఆ జ్వరాన్ని బోర్డు మీద రాసింది నేనే. వెలుగు చూపించమని అడుగుతుండగా లాడ్జి కుర్రాడు టీ తెచ్చాడు. వెలుగు రాలేదు.

మూడింటికి తెర మీద స్కాట్లండ్ వచ్చింది. అక్కడ ఉదయం తొమ్మిదిన్నర. ఇరవై మందికి పైగా పిల్లలు, ఫియోనా టీచరు, మూల కుర్చీలో చేతులు కట్టుకుని వాళ్ల హెడ్మాస్టరు. బొమ్మ కదిలి ఆగుతోంది. మాట వెనక నడిచి వస్తోంది. మా వాళ్లు లేచి నిలబడి ఒక్క గొంతుతో "గుడ్ ఆఫ్టర్నూన్ మేడమ్" అన్నారు. వాళ్లు గుడ్ మార్నింగ్ అన్నారు. మా వాళ్లు తప్పు దిద్దుకుని గుడ్ మార్నింగ్ అన్నారు. ఆలోగా వాళ్లు మర్యాదకు గుడ్ ఆఫ్టర్నూన్ అన్నారు. ఈ పని మూడు నిమిషాలు సాగింది.

తర్వాత ఫియోనా టీచరు నన్ను అడిగింది. "మీరు వాళ్ల ఇళ్లకు వెళ్లారట. గౌరుల్ని చూశారా?"

కామేశ్వరి గారు నా వైపు చూడలేదు. గోడ వైపు చూస్తున్నారు. నేను గొంతు సవరించుకున్నాను.

"నేను పదకొండు గౌరులను నా కళ్లతో చూశాను" అన్నాను ఇంగ్లీషులో. వేదిక మీద మాట్లాడే గొంతు నాది, గదంతా మోగింది.

మాట అక్కడికి చేరడానికి కొంచెం సమయం పట్టింది. అంతసేపూ నా చెవులు కాలుతున్నాయి.

"అన్నీ గేదెలేనా?" అని వచ్చింది జవాబు.

నోరు తెరిచాను. అప్పుడే వెనక బెంచీ చప్పుడైంది. నాగమణి నిలబడింది.

"మాది హెన్, మేడమ్."

ఎవరూ చెప్పమనలేదు. ఎవరూ నేర్పలేదు. దాని పక్క పిల్ల లేచింది. "మాది గోట్ మేడమ్." "మాది డాగ్ మేడమ్, టైగర్ మేడమ్." "మాకేం లేదు మేడమ్, పక్కింటి బఫెలో." ఎప్పుడూ ఒకే గొంతుతో పలికే తరగతి ముప్ఫై ఎనిమిది గొంతులైంది. కామేశ్వరి గారు గోడ దగ్గర్నుంచి వచ్చి కెమెరా ముందు నిలబడ్డారు. చేతిలో సుద్దముక్క లేదు.

"ఉత్తరం బోర్డు మీద రాసింది నేను. పేర్లు పెట్టింది వాళ్లు, నన్ను కాపాడటానికి. తప్పు నాది" అన్నారు.

తెర మీద బొమ్మ ఆగిపోయింది. హెడ్మాస్టరు గారి ముఖం సగం తెరిచిన నోటితో అలాగే నిలిచిపోయింది. కోపమో నవ్వో తెలియదు. మేమంతా ఆ నోటి వైపే చూస్తున్నాం. బొమ్మ కదిలేసరికి అవతల తరగతంతా గోలగోలగా ఉంది, నవ్వుతున్నారు, చేతులెత్తుతున్నారు. ముందు వరసలోంచి ఒక పిల్ల కెమెరాకు ముక్కు ఆనించి అడిగింది.

"ఆ కోడిని చూడొచ్చా?"

అంతలో కరెంటు పోయింది.

కరెంటు నాలుగున్నరకు వచ్చింది. ఆరోజు ఎవరికి వారే ఉత్తరాలు రాశారు. బోర్డు తుడిచేసి ఉంది. కామేశ్వరి గారు తప్పులు దిద్దకుండా ఉండటానికి వరండాలో అటూ ఇటూ తిరిగారు. నాగమణి ఒక్క వేలితో ముప్పావుగంట కొట్టింది. దాని ఉత్తరం తెలుగులో ఇలా ఉంటుంది: 'మా కోడి పేరు గౌరి కాదు. దానికి పేరు లేదు. ఆదివారం మా మామయ్య వస్తాడు. కూర వండుతాం.'

శనివారం

నా బస్సు పదింటికి. తొమ్మిదింటికి పెట్టె తెరిస్తే అరవై ఒక్క ఉత్తరాలున్నాయి. సగానికి పైగా నాగమణికే. అన్నిటి సారం ఒకటే, కోడిని వండొద్దు. వాళ్లు తరగతిలో ఓట్లు వేసి దానికి మార్గరెట్ అని పేరు కూడా పెట్టేశారు. ఫియోనా టీచరు చివర రాసింది: 'వచ్చే ఏటి సంగతి ఏమంటారని మా హెడ్మాస్టరు పిల్లల్ని అడిగారు. వాళ్లు కోడికి రాస్తున్నారు, ఆయన మాట వినిపించుకోలేదు. కాబట్టి కొనసాగిద్దాం అన్నారు. వచ్చే శుక్రవారం మార్గరెట్‌ను తీసుకురాగలరా?'

సామ్రాజ్యం పని మానుకుని వచ్చి గది బయట నిలబడి ఉంది. చెప్పులు లేకపోయినా గుమ్మం దాటలేదు. నాగమణి చదివి చెప్పింది.

"ఆ పేరు అమ్మోరిదేనా?" అని నన్ను అడిగింది సామ్రాజ్యం.

"కాదమ్మా" అన్నాను. ఈసారి వెంటనే, ఉన్నది ఉన్నట్టు.

"అయితే రేపు కోసుకోవచ్చు."

"అమ్మా!" అంది నాగమణి. "శుక్రవారం దాన్ని చూపించాలి. బడికి తీసుకురావాలి."

"ఈ శుక్రవారమేనా?"

"ప్రతి శుక్రవారం."

సామ్రాజ్యం కూతురి వైపు చూసింది, తెర వైపు చూసింది. కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. నేను బస్సెక్కాను.

నా పేరుతో ఒక మెయిలు పెట్టె తెరిచి పంపారు కామేశ్వరి గారు. వారం తర్వాత భీమవరంలో నెట్ సెంటరుకు వెళ్లి, గంటకు ఇరవై రూపాయలిచ్చి, ఒక కుర్రాడి సాయంతో తెరిపించుకున్నాను. ఒకే ఒక ఉత్తరం ఉంది, కామేశ్వరి గారిది. ఆదివారం నాగమణి మామయ్య వచ్చాడట. సామ్రాజ్యం కోడిగుడ్ల కూర వండి పెట్టిందట. గుడ్లు మార్గరెట్‌వే.